అండమాన్ సెల్యులార్ జైలు: ద్వీపాంతరం పోయిన మన్యం వీరులు

పాత తెలుగు పుస్తకాల్లో ‘ద్వీపాంతరవాస శిక్ష’ అనే మాట కనబడుతుంది. కన్నడంలో దాన్నే ‘కరినీరిన శిక్షె’ అంటారు, హిందీలో కాలాపానీ. అన్నింటికీ అర్థం సముద్రం దాటించి అండమాన్‌కు పంపడమే. ఉరి తప్పినా మళ్ళీ ఊరి ముఖం చూస్తామన్న ఆశ ఉండేది కాదు.

1857 తిరుగుబాటును అణిచాక, 1858 మార్చిలో మొదటి 200 మంది ఖైదీలను అక్కడికి చేర్చారు. అప్పటికి జైలు భవనమే లేదు, సముద్రమే గోడ. ఖైదీల చేతనే అడవి కొట్టించారు. సెల్యులార్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో ముగిసింది. నడుమ ఒక కావలి బురుజు, దాని చుట్టూ బండిచక్రం ఆకుల్లాగా మూడంతస్తుల వరుసలు ఏడు. గదులు 690కి పైనే. ఒక్కో గది సుమారు 4.5 మీటర్ల పొడవు, 2.7 మీటర్ల వెడల్పు, అంటే మన తరగతి గదిలో సగం కూడా లేదు. గదికి ఒక్కడే మనిషి. ఒక వరుస తలుపులు ముందు వరుస వీపువైపు తెరుచుకునేవి కాబట్టి ఎవరి ముఖమూ ఎవరికీ కనబడదు. పగలంతా ఎద్దులాగా గానుగ తిప్పి, రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలి. తగ్గితే దెబ్బలు.

ఈ జైలు అనగానే పిల్లలు సావర్కర్ పేరు చెబుతారు. తెలుగువాళ్ళ పేర్లు అడిగితే నీళ్ళు నములుతారు. 1879 రంప తిరుగుబాటులో పట్టుబడిన గిరిజనుల్లో కొందరిని అండమాన్‌కే పంపారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడా అక్కడ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరకు మొదట ఉరిశిక్ష పడి, తర్వాత యావజ్జీవంగా మారింది. ఆయన అన్న గంటందొర 1924లోనే పోరాటంలో చనిపోయాడు. మల్లుదొర మాత్రం అండమాన్ శిక్ష అనుభవించి, 1937లో విడుదలై, 1952లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచాడు. అల్లూరి గురించి వ్యాసం రాసేవాళ్ళు ఈ సంగతి వదిలిపెట్టకండి.

1933 మేలో ఖైదీలు నిరాహారదీక్షకు దిగారు. ముక్కులో గొట్టం పెట్టి బలవంతంగా పాలు పోస్తే, అవి ఊపిరితిత్తుల్లోకి పోయి భగత్‌సింగ్ సహచరుడు మహావీర్ సింగ్ మరణించాడు. మరో ఇద్దరూ ప్రాణాలు వదిలారు. ఆ తర్వాతే పుస్తకాలు, పత్రికలు, దీపాలు వచ్చాయి. 1937లో మళ్ళీ దీక్ష చేశారు, ఈసారి స్వదేశానికి పంపమని. 1938 జనవరికల్లా రాజకీయ ఖైదీలందరినీ వెనక్కి తెచ్చారు. మన గౌరిబిదనూరు దగ్గరి విదురాశ్వత్థంలో కాల్పులు జరిగింది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే.

ఏడు వరుసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. 1979లో దాన్ని జాతీయ స్మారకం చేశారు. కూల్చినచోట ఆసుపత్రి నడుస్తోంది.