పావగడ బోరు నీటి కాఠిన్యం

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు చాలా వైపుల ఆంధ్రప్రదేశే సరిహద్దు. కర్ణాటకలో ఉన్నా ఇక్కడ తెలుగు విరివిగా వినిపిస్తుంది. వానలు తక్కువ, అడుగున గ్రానైట్, నైస్ రాళ్లు. వాటి పగుళ్లలో ఏళ్లతరబడి నిలిచిన నీరు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని బోర్లలో పైకి వస్తుంది. ఈ లవణాల వల్లే నీటికి కాఠిన్యం వస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు.

నష్టం ఎక్కువగా వేడితో మొదలవుతుంది. నీరు కాగగానే కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి కార్బొనేట్ గారగా పేరుకుంటుంది. గీజరు కాయిల్‌కు ఈ గార పడితే వేడి నీటికి సరిగా అందదు. కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరికి కాయిలే మాడిపోతుంది. వాషింగ్ మెషీన్‌లో సబ్బు నురగ రాదు, బట్టలు బిరుసెక్కుతాయి. కుళాయి జల్లెడలు పూడుకుపోతాయి. నిమ్మఉప్పు కలిపిన నీటిలో నానబెడితే గార కరుగుతుంది. గీజరు వేడిని 60 డిగ్రీల లోపు ఉంచితే గార నెమ్మదిగా పడుతుంది.

అంతకన్నా పెద్ద ముప్పు ఫ్లోరైడ్. ఈ తాలూకాను ఎంతోకాలంగా పీడిస్తున్నది అదే. మరిగించినా అది పోదు. కాబట్టి తాగడానికీ వంటకూ ఫ్లోరైడ్ తొలగించిన నీటినే వాడాలి.