జన్యువుపై పేటెంటు

క్రొత్త యంత్రమును కల్పించినవానికి ప్రభుత్వము కొంతకాలము దానిపై ఏకస్వామ్యము నిచ్చుటయే పేటెంటు. ప్రతిగా ఆతడు తన కల్పనా రహస్యమును లోకమునకు వెల్లడింపవలెను. యంత్రముల విషయమున సాఫీగా సాగిన యీ యేర్పాటు ప్రాణుల జోలికి వచ్చుసరికి చిక్కులలో పడినది.

బెంగాలునుండి అమెరికాకు వెళ్ళి జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీలో పనిచేయుచుండిన ఆనంద మోహన్ చక్రవర్తి ముడినూనెలోని పలు పదార్థములను విచ్ఛిన్నము చేయగల సూక్ష్మజీవి నొకదానిని రూపొందించెను. 1972లో పేటెంటు కోరగా, తయారుచేయు పద్ధతికి ఒప్పుకొనిరి గాని జీవికి ఒప్పుకొనలేదు. 1980 జూన్ 16న అచ్చటి సుప్రీంకోర్టు, అయిదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపుగా విడిపోయి, మానవనిర్మితమైన జీవికి పేటెంటు చెల్లునని తీర్పు చెప్పెను.

చక్రవర్తి జీవి ప్రకృతిలో లేదు. మరి మన దేహములోనే యున్న జన్యువు సంగతి యేమి?

రొమ్ము కాన్సరు కొన్ని కుటుంబములలో తరతరములుగా వచ్చుటకు కారణమగు జన్యువొకటి 17వ క్రోమోసోముపై నున్నదని 1990లో మేరీ-క్లేర్ కింగ్ చూపెను. బి.ఆర్.సి.ఏ.-1 అను ఆ జన్యువును 1994లో యూటా రాష్ట్రమునందలి మిరియడ్ కంపెనీవారు, వారి సహచరులు వేరుచేసిరి. పేటెంట్లు లభించినవి. అటుపై అమెరికాలో పూర్తి పరీక్షకు ఆ కంపెనీయే దిక్కయ్యెను. ధర 3,000 డాలర్లకు మించినది. ధరకంటె గంభీరముగా తోచునది వేరొకటి. రొమ్ములు, అండాశయములు తొలగించుకొనవలెనా అని నిర్ణయించుకొనవలసిన స్త్రీ, ఫలితము సరియో కాదో మరియొకచోట చూపించుకొందమన్నను వీలులేకపోయెను. ఒక్కొక్కరి జన్యువులను బట్టి చికిత్స చేయు వైద్యము ఒక్క ప్రయోగశాల మాటపై నిలిచినది!

2009లో వైద్యశాస్త్ర సంఘములు, రోగులు దావా వేసిరి. 2013 జూన్ 13న తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకాభిప్రాయముతో, శరీరమునుండి వేరుచేసినంతమాత్రాన జన్యువు నూతన కల్పన కాజాలదనిరి. ప్రయోగశాలలో కూర్చిన సి-డి.ఎన్.ఏ.కు మాత్రము పేటెంటు చెల్లునట. చక్రవర్తి జీవికిని, ఈ జన్యువునకును గల భేదమునే వారు ఎత్తిచూపిరి.

ఆ దినముననే ఇతర ప్రయోగశాలలు తక్కువ ధరకు పరీక్ష చేయుదుమని ప్రకటించినవి. అయితే జన్యువులో కనిపించు వేలకొలది మార్పులలో ఏది అపాయకరమో, ఏది కాదో తెలిసినగాని పరీక్షకు అర్థము లేదు. ఏకస్వామ్యకాలమున సేకరించిన ఆ సమాచారమును బహిరంగ సంచయమునకు ఇచ్చుట 2004 ప్రాంతముననే కంపెనీ మానివేసెను. తీర్పువలన పేటెంటు పోయినది గాని, ఆ సమాచారము బయటికి రాలేదు. వైద్యులు, ఇతర ప్రయోగశాలలవారు తమ ఫలితములను క్లిన్‌వార్ అను బహిరంగ సంచయములో ఒక్కొక్కటిగా చేర్చుచు ఆ లోటును పూరింపసాగిరి.