వాడిన ఫోర్క్‌లిఫ్టు కొనుగోలు

గోదాములు, కర్మాగారాలు, ఓడరేవులలో బరువులను ఎత్తి, తరలించి, దొంతరలుగా పేర్చడానికి ఉపయోగించే వాహనం ఫోర్క్‌లిఫ్టు. కొత్తదాని ఖరీదు ఎక్కువ కావడం వలన చిన్న వ్యాపారులు వాడినదానిని కొనడం పరిపాటి.

మొదట చూడవలసినది వాహనంపై బిగించిన సామర్థ్యపు ఫలకం. 1 నుండి 5 టన్నుల లోపు వాహనాలలో ఫలకంపై ఉన్న బరువు సాధారణంగా ఫోర్కుల నిలువు ముఖం నుండి 500 మి.మీ. దూరంలోని భారకేంద్రానికి వర్తిస్తుంది. సరుకు భారకేంద్రం అంతకంటె దూరంగా ఉన్నా, ఎక్కువ ఎత్తుకు లేపవలసినా, అదనపు పరికరం తగిలించినా ఎత్తగల బరువు తగ్గుతుంది. కనుక "మూడు టన్నుల బండి" అన్న అమ్మకందారు మాటను నమ్మి కొనరాదు. ఫలకమే లేని బండిని వదిలివేయడం మేలు.

మూసిన గోదాములకు బ్యాటరీ వాహనం, ఆరుబయట పనికి డీజిలు వాహనం అనువైనవి. లెడ్-యాసిడ్ బ్యాటరీ వెనుకబరువుగా కూడా పనిచేస్తుంది. మార్చవలసివస్తే ఫలకంపై సూచించిన కనీస బరువుకు తగ్గరాదు.

ఫోర్కు మడమ వద్ద మందం 10 శాతం అరిగితే దాని బలం సుమారు 20 శాతం తగ్గుతుంది. అటువంటి ఫోర్కును తొలగించాలి. ఎత్తుడు గొలుసు 3 శాతం సాగితే మార్చాలి. గంటల మీటరు అంకెను పెడళ్ళ, సీటు అరుగుదలతో పోల్చి చూడాలి. డీజిలు ఇంజనును చల్లగా ఉన్నప్పుడే నడిపించి చూడాలి. కొనుగోలుదారు వచ్చేసరికే వేడెక్కి ఉంటే అనుమానించవలసినదే.

చివరగా కొంత బరువును ఎత్తి, లీవరు వదిలి కొన్ని నిమిషాలు గమనించాలి. ఫోర్కులు తమంతట తామే గమనించదగినంతగా దిగుతుంటే హైడ్రాలిక్ సీళ్ళు గానీ, కవాటాలు గానీ చెడినట్లు. ఈ పరీక్ష జరుగుతున్నప్పుడు ఎత్తిన బరువు క్రింద ఎవరూ నిలబడరాదు.