అట్లాంటిస్ ఆఖరి మోత

2011 జూలై 8న ఫ్లోరిడాలోని కెన్నెడీ అంతరిక్ష కేంద్రంలో కౌంట్‌డౌన్ 31 సెకన్ల దగ్గర ఆగింది. ఇంధన ట్యాంకు కొసన టోపీలా కూర్చుని ఆవిరిని పక్కకు మళ్లించే పొడవాటి చెయ్యి పూర్తిగా వెనక్కి జరిగిందో లేదో కంప్యూటర్లకు తేలలేదు. ఇంజినీర్లు కెమెరాలో చూసి ఖాయం చేసుకున్నాకే అంతరిక్ష షటిల్ అట్లాంటిస్ లేచింది. 30 ఏళ్ల షటిల్ చరిత్రలో అది 135వ యాత్ర, చివరిది కూడా. దాన్ని కన్నీటి వీడ్కోలుగానే రాసినవాళ్లు ఎక్కువ. ఆ బాధ అబద్ధమని అనను. కానీ షటిల్‌ను ఎందుకు ఆపాల్సి వచ్చిందో తెలియాలంటే ఈ చివరి యాత్రలో ఎవరు వెళ్లారో, ఏం మోసుకెళ్లారో చూస్తే చాలు.

మామూలుగా ఆరేడుగురు ఎక్కే షటిల్‌లో ఈసారి నలుగురే ఉన్నారు: ఫెర్గూసన్, హర్లీ, మాగ్నస్, వాల్‌హైమ్. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా ప్రమాదం తర్వాత, ఒక షటిల్ దెబ్బతింటే మరొకటి వెళ్లి సిబ్బందిని తెచ్చేలా ఏర్పాటు ఉండేది. అసలు ఈ అట్లాంటిస్‌ను సిద్ధం చేసింది కూడా అంతకుముందు వెళ్లిన ఎండీవర్‌కు ఆపద వస్తే ఆదుకోవడానికే. మరి అట్లాంటిస్‌కే ఆపద వస్తే? దాని వెనక ఇంకో షటిల్ లేదు. అందుకే నలుగురికీ ఒంటికి సరిపడా రష్యన్ సూట్లు, రష్యా నౌక సోయజ్‌లో సీట్ల అచ్చులు ముందే తయారుచేశారు. వేడి కవచం దెబ్బతింటే వాళ్లు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనే ఉండిపోయి, సోయజ్‌లో ఒక్కొక్కరుగా దిగాలి. అందరూ ఇల్లు చేరేసరికి ఏడాది దాకా పట్టేది.

ఇంతకీ ఆ నలుగురు తీసుకెళ్లింది ప్రధానంగా సరుకులు. ఇటలీలో తయారైన రఫెల్లో అనే పెద్ద డబ్బాలో, కేంద్రానికి ఏడాది పాటు అక్కరకొచ్చేలా దాదాపు నాలుగు టన్నుల తిండి, సామాను. ఆ ముందుచూపు వృథా కాలేదు. ఆగస్టు 24న రష్యా సరుకుల నౌక ప్రోగ్రెస్ కక్ష్యకు చేరకుండానే కూలిపోయింది. అట్లాంటిస్ దింపిన నిల్వ ఉండబట్టి కేంద్రంలో తిండికి కటకట రాలేదు. షటిల్‌ను కొనసాగించాల్సిందన్నవాళ్లు దీన్నే సాక్ష్యంగా చూపుతారు. నాకైతే ఇది వాళ్లకే ఎదురు తిరిగే సాక్ష్యం. ప్రోగ్రెస్‌లో మనిషి లేడు, పోయింది సరుకే. అదే సరుకు కోసం షటిల్ నాలుగు ప్రాణాలను పణంగా పెట్టింది. మనిషినీ మోతనూ ఒకే బండిలో ఎక్కించడం దాని పుట్టుకలోనే ఉన్న లోపం.

వాళ్ల వాదనలో నిజం లేకపోలేదు. చెడిపోయిన అమ్మోనియా పంపు లాంటి భారీ యంత్రాన్ని భద్రంగా నేలకు దించడం ఇరుకైన సోయజ్ వల్ల కాదు. అట్లాంటిస్ తిరుగు ప్రయాణంలో ఆ పనీ చేసింది. కానీ అలాంటి అవసరం ఎప్పుడో ఒకసారి వస్తుంది. దానికోసం సగటున యాత్రకు సుమారు 150 కోట్ల డాలర్లు మింగిన వాహనాన్ని ఉంచుకోవడం మోయలేని బరువే. ఏడాదికి పదుల సార్లు ఎగురుతుందని మొదట్లో ఊరించిన షటిల్, ఎంత ఉరుకులు పెట్టినా 1985లో తొమ్మిదిసార్లకు మించలేదు.

అమెరికా తన వ్యోమగాముల కోసం రష్యా ముందు చేయి చాచాల్సి వచ్చింది కదా అనేది అంతకన్నా బలమైన అభ్యంతరం. నిజమే. అయితే షటిల్ కక్ష్యలో సుమారు రెండు వారాలకు మించి నిలవలేదు గనుక, అది ఎగిరిన రోజుల్లోనూ కేంద్రంలో నెలల తరబడి ఉండేవాళ్లకు ప్రాణరక్షణ నౌక సోయజే. పైగా విరమణ నిర్ణయం 2011లో హఠాత్తుగా ఊడిపడలేదు. 2010 దాటి నడపాలంటే వాహనాన్ని మళ్లీ ఆసాంతం పరీక్షించి ధ్రువీకరించాలని కొలంబియా విచారణ సంఘం 2003లోనే చెప్పింది. కేంద్రం నిర్మాణం ముగిశాక ఆపేస్తామని 2004 జనవరిలో అధ్యక్షుడు బుష్ ప్రకటించారు. 2008 నాటికే విడిభాగాల సరఫరాదారులు చాలామంది తప్పుకున్నారు. తప్పు ఆపడంలో లేదు, చేతిలో ఏడేళ్లున్నా వారసుణ్ని సిద్ధం చేసుకోకపోవడంలో ఉంది. నింద మోయాల్సింది షటిల్‌ను ఆపినవాళ్లు కాదు, కొత్త నౌకకు పథకాలు మార్చుకుంటూ పోయినవాళ్లు.

జూలై 21 తెల్లవారుజామున అట్లాంటిస్ దిగింది. మరుసటి ఏడాది మేలో, మనుషులెవరూ లేని అమెరికా నౌక డ్రాగన్ సరుకులతో కేంద్రానికి చేరింది. మనుషులతో డ్రాగన్ మాత్రం 2020 మే 30న గానీ లేవలేదు. దాని సారథి, అట్లాంటిస్ ఆఖరి యాత్రలో పైలట్‌గా వెళ్లిన హర్లీయే.