సువర్ణరేఖకు ఆవల పులి జాడ

జంషెడ్‌పూర్ నగరంలోని భుయ్యాడీహ్ సువర్ణరేఖా నదీతీరంలో వెలసిన పేట. నదికి ఆవల దల్మా కొండలున్నాయి. అవి ఏనుగులకు పేరొందిన అడవులే గాని పులులకు కాదు. అయినా 2024 డిసెంబరులో ఈ జిల్లా ప్రజలు పులి పేరునే జపించవలసి వచ్చింది.

మహారాష్ట్రలోని తాడోబా నుండి జమున, జీనత్ అనే రెండు ఆడపులులను ఆ సంవత్సరమే ఒడిశాలోని సిమిలిపాల్‌కు తరలించారు. అక్కడ పులులు లేక కాదు, ఉన్నవి ఏకాకులై పోయినందున. సిమిలిపాల్‌లో నల్లచారలు ఒకదానితో ఒకటి కలిసిపోయి శరీరమంతా నల్లగా కనిపించే పులులు తరచుగా పుడుతున్నాయి. ఇది ఒకే జన్యువులోని మార్పు వలన కలుగుతున్నదని 2021లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. చూపరులకు అది వింత. వంశచరిత్ర ఎరిగినవారికి మాత్రం చిన్న కుటుంబంలోనే సంబంధాలు కలుపుకొంటున్న జాతి దైన్యం. కొత్త రక్తం కోసమే ఈ వలస.

జీనత్ ఆ ఏర్పాటును అంగీకరించలేదు. సరిహద్దు దాటి తూర్పు సింగ్‌భూమ్‌లోని చాకులియా అడవులకు, అటుపై పశ్చిమ బెంగాల్‌కు నడిచింది. డిసెంబరు 29న బాంకుడా జిల్లాలో మత్తుసూదితో పట్టి, తిరిగి సిమిలిపాల్‌కు చేర్చారు.

ఒడిశాకు ఇది తొలి ప్రయత్నం కాదు. 2018లో సత్కోసియాకు కాన్హా నుండి మహావీర్‌ను, బాంధవ్‌గఢ్ నుండి సుందరిని తెచ్చారు. మహావీర్ ఆ నవంబరులోనే మరణించింది; వేటగాళ్ల ఉచ్చు దానికి కారణమైంది. మనుషులను చంపిందన్న అభియోగంతో గ్రామాలు తిరగబడగా, సుందరిని బంధించి 2021లో మధ్యప్రదేశ్‌కు పంపివేశారు. పన్నాలో మాత్రం 2009 తరువాత పులి నిలదొక్కుకున్నది. తేడా ఎక్కడున్నది? పులిలో కాదు, దాని ఆహారంలోనూ చుట్టుపక్కల గ్రామాల సమ్మతిలోనూ ఉన్నదని నా అభిప్రాయం.

పులి వస్తే అడవి పచ్చబడుతుందనే మాట ఈమధ్య తరచుగా వినవస్తున్నది. అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో 1995లో తోడేళ్లను మళ్లీ వదిలాక ఎల్క్ జింకల సంఖ్య తగ్గి, ఏటి ఒడ్డు చెట్లు కోలుకున్నాయన్నది దానికి ఆధారం. అయితే ఆ ఫలితంలో ఎలుగుల పాలెంత, మనుషుల వేట పాలెంత అనే వివాదం అక్కడి శాస్త్రజ్ఞులలో ఇంకా తెగలేదు. పైగా అక్కడి సమస్య జింకలు మితిమీరడం. మన ఛోటానాగ్‌పూర్ అడవులలో కొరతే అవి. దుప్పి, అడవిపంది లేనిచోట పులి మేతకు వెళ్లిన ఎద్దునే పట్టుకుంటుంది. దల్మాలో ఏటేటా ఆదివాసులు జరుపుకొనే సేంద్రా వేట వారి ఆచారం; దానిని నిషేధపు మాటలతో గాక వారితో కూర్చుని మాట్లాడి పరిష్కరించవలసి ఉంటుంది.

పాలము అడవులలో 1932లోనే అడుగుజాడలను బట్టి పులులను లెక్కించారు. 2018 జాతీయ గణనలో అదే పాలములో ఒక్క పులీ కనబడలేదు. ఆ రాష్ట్రంలోనే 2025 జనవరిలో చాండిల్, దల్మా ప్రాంతాలలో ఒక మగపులి సంచరించింది. దానిని ఎవరూ లారీలో తేలేదు, ఏ దస్త్రమూ ఆమోదించలేదు. పాత దారి ఏదో దానికి ఇంకా తెలుసు.