హైదరాబాదు క్లోరోఫారం కమిషన్

హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ అనునది శస్త్రచికిత్సలలో క్లోరోఫారం వలన సంభవించే మరణాలకు కారణం తెలిసికొనుటకు 1888, 1889 సంవత్సరాలలో నిజాం రాజ్యంలో ఏర్పడిన రెండు పరిశోధక సంఘాలకు గల పేరు. మత్తులో ఉన్న రోగి విషయంలో ముందుగా గమనించవలసినది నాడినా, శ్వాసనా అన్నదే ఈ సంఘాలు తేల్చదలచిన ప్రశ్న.

నేపథ్యము

1847లో ఎడింబరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోకి తెచ్చాడు. మరుసటి సంవత్సరమే ఇంగ్లాండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలిగోరు తీయించుకొనే స్వల్ప చికిత్సలో మరణించింది. అటువంటి మరణాలు పెరిగిన కొద్దీ వైద్యులు రెండు పక్షాలుగా చీలిపోయారు. మందు గుండెనే ఆపగలదు గనుక నాడిని పట్టి చూడాలని లండను వైద్యులలో పలువురు భావించారు. శ్వాసను గమనిస్తే చాలునని ఎడింబరో సంప్రదాయం వారి వాదన. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా, వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఈ రెండవ పక్షమువాడు. ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు.

పరిశోధనలు

మొదటి సంఘం కుక్కలపై ప్రయోగాలు చేసి, శ్వాస ఆగిన తరువాతనే గుండె ఆగుతున్నదని నిర్ణయించింది. లండనులోని 'లాన్సెట్' వైద్య పత్రిక దీనిని నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వేయి పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక తరఫుననే ఒక నిపుణుని పంపవలసినదిగా కోరాడు. థామస్ లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు వచ్చాడు. వందలాది జంతువులపై ప్రయోగాల అనంతరం ఆయన కూడా లారీతో ఏకీభవించాడు. నివేదిక 1890లో లాన్సెట్‌లో వెలువడింది.

నివేదికలోని ఆచరణ సూచనలు సరళమైనవి. రోగిని వెల్లకిల పడుకోబెట్టాలి. మెడ, రొమ్ము, పొట్టల వద్ద బట్టలు వదులు చేసి శ్వాస కంటికి కనబడేటట్లు ఉంచాలి. రోగి పెనుగులాడి ఊపిరి బిగబట్టినపుడు, ఆ వెంటనే తీసే దీర్ఘశ్వాసలో మందు మోతాదు మించిపోకుండా జాగ్రత్తపడాలి. ఈ పద్ధతిలో శిక్షణ పొందినవారిలో రూపాబాయి ఫర్దూన్జీ ముఖ్యురాలు. ఈమెను ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేర్కొంటారు. 1909లో ఉన్నత విద్యకై ఎడింబరో వెళ్ళింది.

తరువాతి నిర్ణయము

కమిషను చెప్పినది సగమే నిజం. తేలికపాటి మత్తులో ఉన్నపుడు ఎడ్రినలిన్ ప్రభావం తోడైతే గుండె జఠరికలు లయ తప్పి వణికి, హఠాన్మరణం కలుగుతుందని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలతో నిరూపించాడు. శ్వాస ఆగేవరకు మందు పట్టించిన హైదరాబాదు ప్రయోగాలలో ఈ స్థితి బయటపడే అవకాశం తక్కువ. నాడి చూడనవసరం లేదన్న లారీ పట్టుదల ఆ విధంగా ప్రమాదకరమైనదే. అయినను, మత్తు ఇచ్చే వ్యక్తి కత్తి వైపు గాక రోగి శ్వాస వైపే చూస్తూ ఉండాలన్న నియమం మాత్రం నిలిచినది. క్లోరోఫారం 20వ శతాబ్దంలో క్రమేణా వాడుక నుండి తొలగిపోయింది.

నేటి పద్ధతి

జపానుకు చెందిన తకువో అయోయాగి 1974లో పల్స్ ఆక్సీమీటరు సూత్రాన్ని రూపొందించాడు. వేలికి తొడిగే ఈ పరికరం రక్తంలోని ఆమ్లజని శాతమును, నాడిని ఒకేసారి చూపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన 19 అంశాల శస్త్రచికిత్స భద్రతా పట్టికలో, మత్తు ఇచ్చుటకు ముందే ఇది రోగికి అమర్చి పనిచేస్తున్నదా అని సరిచూడటం ఒకటి. రోగిని గది నుండి తరలించే ముందు, కోలుకొనే దశలో తీసికొనవలసిన జాగ్రత్తలను సర్జను, మత్తు వైద్యుడు, నర్సు కలిసి చెప్పుకోవడం మరొకటి. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాలలోని ఆసుపత్రులలో ఈ పట్టికను పరీక్షించగా మరణాలు 1.5 శాతం నుండి 0.8 శాతానికి తగ్గినట్లు 2009లో ప్రచురితమైనది.