ఆకృతి రూపకల్పనలో సున్నితత్వ విశ్లేషణ

గాలిలోనో నీటిలోనో కదిలే వస్తువు రూపాన్ని ఒకచోట పిసరంత మారిస్తే దాని మీద నిరోధం ఎంత మారుతుందో, ప్రవాహాన్ని వర్ణించే అవకలన సమీకరణాల నుంచే లెక్కగట్టే పద్ధతి ఇది. పేరు తెచ్చుకున్నది విమానాల రెక్కలతో. కానీ ఓడలకూ టార్పెడోలకూ ఇదే గణితం వర్తిస్తుంది.

నిజానికి ఈ ప్రశ్న పుట్టిల్లు సముద్రమే. 1687లో ‘ప్రిన్సిపియా’లో న్యూటన్ అతి తక్కువ నిరోధం ఉండే ఘనరూపాన్ని వెతికి, ఇది ఓడలు కట్టేవారికి పనికిరావచ్చన్నాడు. పనికిరాలేదు. ఆయన ద్రవాన్ని విడివిడి రేణువుల వానలా ఊహించాడు. నీరు అలా నడుచుకోదు. ఓడల వాళ్లు లెక్కను పక్కనపెట్టి నీటితొట్టిని నమ్ముకున్నారు. 1872లో ఇంగ్లండులోని టార్కీలో విలియం ఫ్రౌడ్ పొడవాటి తొట్టి కట్టించి, మైనపు నమూనాలను లాగుతూ నిరోధం కొలిచాడు.

ఆధునిక ఓడల నిర్మాణమూ, ఆ తర్వాత ఇలాంటి నీటితొట్టీ మన తీరానికీ వచ్చాయి. విశాఖపట్నంలో సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ నీటిలోకి దింపారు. నౌకాదళ పరిశోధన కోసం 1969లో ఇదే నగరంలో ఎన్‌ఎస్‌టీఎల్ అనే ప్రయోగశాల ఏర్పడింది. నమూనాలను లాగి చూసే దాని నీటితొట్టి (టోయింగ్ ట్యాంక్) పొడవు 500 మీటర్లు. ఇలాంటి ట్యాంకుల్లో రెండు వైపులా పట్టాలుంటాయి. వాటి మీద నడిచే బండి కింద నమూనాను బిగించి లాగుతారు. ఒక పరుగు అయ్యాక అలలు సద్దుమణిగేదాకా కూర్చోవాలి, అప్పుడే రెండోది. రూపం మార్చాలంటే మళ్లీ నమూనా చెక్కాలి.

కంప్యూటర్లు వచ్చాక చెక్కడం తప్పింది గానీ ఎదురుచూపు తప్పలేదు. 1974లో నాసాకు చెందిన రేమండ్ హిక్స్ బృందం రెక్క అడ్డుకోతను లెక్కతోనే మెరుగుపరిచి చూపింది. రూపాన్ని నిర్ణయించే అంకెలను ఒక్కొక్కటిగా కదిపి, ప్రతిసారీ ప్రవాహాన్ని కొత్తగా సాధించాలి. వంద అంకెలుంటే నూటొక్క లెక్కలు. అదీ ఒక్క అడుగు ముందుకు వేయడానికే!

దీనికి విరుగుడు, కోరిన ఫలితం రావాలంటే వ్యవస్థను ఎలా నడపాలో చెప్పే నియంత్రణ సిద్ధాంతంలో దొరికింది. ఫ్రెంచి గణితవేత్త జాక్ లూయీ లయన్స్ 1968లో పాక్షిక అవకలన సమీకరణాలకు ఆ సిద్ధాంతాన్ని అన్వయించాడు. 1970ల తొలినాళ్లలో ఒలివియే పిరొన్నో దాన్ని ప్రవాహంలోని వస్తువుల రూపాలకు తెచ్చాడు. 1988లో ఆంటొనీ జేమ్సన్ ధ్వనివేగం దరిదాపుల్లో ఎగిరే రెక్కలకు ఉపయోగపడేలా మలిచాడు.

కిటుకు ఇది. ‘ఈ చోటును కదిపితే ఏమవుతుంది’ అని చోటుచోటునా అడగడం మానేసి, నిరోధం వైపు నుంచి వెనక్కి అడుగుతారు: ‘నీ మీద ఎవరి ప్రభావం ఎంత?’ ఈ ఎదురు ప్రశ్నకు జవాబిచ్చేదే అనుబంధ సమీకరణం. ఇందులో సమాచారం ప్రవాహానికి ఎదురీదుతుంది. ప్రవాహాన్ని ఒకసారి, అనుబంధ సమీకరణాన్ని ఒకసారి సాధిస్తే చాలు, ఉపరితలం మీద ప్రతి బిందువునూ లోపలికి నొక్కాలో బయటికి లాగాలో తెలిసిపోతుంది. అంకెలు వందైనా లక్షైనా ఒక్కో అడుగుకు పెద్ద లెక్కలు రెండే. ఈ శాస్త్రంలో ఇంతకన్నా లాభసాటి బేరం మరొకటి లేదనే చెప్పాలి.

1990ల్లో జిగట ప్రవాహాలకూ, ఆ తర్వాత కార్లకూ, ఓడల అడుగుభాగాలకూ ఈ పద్ధతి పాకింది. ప్రోగ్రామును వరుసవరుసగా అవకలనం చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ రావడంతో చేతి శ్రమా తగ్గింది.

లోపాలు లేకపోలేదు. ఇది చూపేది నిరోధం తగ్గే దగ్గరి పల్లాన్నే. పక్క కొండ అవతల ఇంకా లోతైన లోయ ఉందేమో చెప్పదు. సుడులు తిరిగే సంక్షోభ ప్రవాహానికి వాడే నమూనా సమీకరణాలు తప్పితే సున్నితత్వమూ తప్పుతుంది. ఓడకైతే పైన అలలు, ప్రొపెల్లర్ దగ్గర నీరు ఆవిరై పుట్టే బుడగలు అదనపు తలనొప్పి. అందుకే లెక్క ఎంచిన రూపాన్ని కూడా సాధారణంగా నమూనాగా చేసి, ట్యాంకులో లాగి చూశాకే ఓడకు ఉక్కు కోస్తారు.